టాప్ 20 సరే, బస్సు ఎన్నింటికి?

ప్రశ్న: నమస్తే మేడం. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉండి చదివాను. ఎప్‌సెట్‌లో 21 వేల ర్యాంకు వచ్చింది. బీసీ-బి. నాన్న సిమెంటు దుకాణంలో గుమస్తా. యూట్యూబ్‌లో 'టాప్ 20 కాలేజీలు' వీడియోలన్నీ చూసి, పోయినేడాది కటాఫ్‌లు చూసి చివరికి రెండు తేల్చుకున్నాను. ఒకటి మేడ్చల్ వైపు పేరున్న అటానమస్ ప్రైవేటు కాలేజీ, సీఎస్ఈ డేటా సైన్స్. ఫీజు ఏడాదికి లక్షా ముప్పై వేలు, కాలేజీ బస్సుకు 38 వేలు. దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్ని వాళ్లింట్లో ఉండి వెళ్లి రావాలి. రెండోది వేరే జిల్లాలో ఉన్న యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్). క్యాంపస్‌లోనే అమ్మాయిల హాస్టల్ ఉంది. ఫీజు చాలా తక్కువ. కానీ ఏ టాప్ లిస్టులోనూ దాని పేరు లేదు. "అక్కడ చదివితే ఉద్యోగం ఎవడిస్తాడు?" అంటున్నాడు బాబాయి. నాన్న బాబాయి మాట కాదనడు. నాకేమో రెండేళ్ల హాస్టల్ తర్వాత చదువంటేనే విసుగొచ్చేసింది. అసలు కాలేజీ లైఫ్ ఎలా ఉంటుందో కూడా తెలియదు. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టుకోవాలి?
– ఓ పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: అమ్మాయ్, నా క్లాసుల్లో కూర్చున్న పిల్లల వయసే నీది కాబట్టి నువ్వు అనే అంటాను. చాలా ఏళ్లు ఇంజినీరింగ్ ఫస్టియర్‌కి మ్యాథ్స్ చెప్పాను. కొంతకాలం ప్రైవేటులో, కొంతకాలం యూనివర్సిటీ కాలేజీలో. రెండు చోట్లా లోపలి సంగతులు తెలుసు.

నీ ఉత్తరంలో ర్యాంకు ఉంది, ఫీజు ఉంది, బాబాయి ఉన్నాడు. ఆ కాలేజీ బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున ఎన్నింటికి వస్తుందో మాత్రం రాయలేదు. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సింది అదే. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ లిస్టుల సంగతి చూద్దాం.

టాప్ 20 వీడియోలు చేసేవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. పోయినేడాది ఏ కాలేజీలో సీట్లు ఏ ర్యాంకు దగ్గర ఆగాయో చూసి, ఆ వరుసలో పేర్లు చదివేస్తారు. అవి అక్కడే ఎందుకు ఆగాయి? అంతకుముందు పిల్లలు కూడా అలాంటి లిస్టే చూసి ఆప్షన్లు పెట్టారు కాబట్టి. నీకంటే ముందు ర్యాంకుల వాళ్లు దేనికి ఎగబడ్డారో కటాఫ్ చెబుతుంది. లోపల పాఠం ఎలా జరుగుతుందో చెప్పదు. అలాగని కటాఫ్‌ని పక్కన పడేయమనను. చురుకైన పిల్లల మధ్య నాలుగేళ్లు ఉండటం మంచిదే, ఆ మేరకు అది పనికొస్తుంది.

ప్రభుత్వం ఇచ్చే ర్యాంకు వేరే ఉంది. అది ఎన్ఐఆర్ఎఫ్. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ప్రకటిస్తోంది. వందకి లెక్కేస్తే బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలకు 20, అమ్మాయిలు, వెనుకబడిన వర్గాలు, బయటి రాష్ట్రాల పిల్లల వాటా వంటివాటికి 10, కాలేజీకి ఉన్న పేరుకు 10. పరిశోధన వాటా చూశావా? పేపర్లు, పేటెంట్లు, ప్రాజెక్టులు అన్నీ అందులోకే వస్తాయి. పీహెచ్‌డీ చేసేవాళ్లకు అది ప్రాణం. నీకు మాత్రం, ఫస్ట్ సెమ్‌లో మ్యాథ్స్ చెప్పే సారు రోజూ క్లాసుకు వస్తాడా, డౌట్ అడిగితే విసుక్కుంటాడా అన్నది దానికంటే పెద్ద విషయం. దానికి ఎన్ఐఆర్ఎఫ్‌లో కాలమ్ లేదు. ఇంజినీరింగ్‌లో వంద దాకానే వరుస ర్యాంకులుంటాయి. ఆ తర్వాత 101-150 అంటూ గుంపులుగా ఇస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఉన్న వందల కాలేజీల్లో ఎక్కువ వాటికి అందులో చోటే ఉండదు.

అయితే ఆ ర్యాంకు కంటే, దాని కోసం కాలేజీ సమర్పించిన ఫైలు నీకు ఎక్కువ పనికొస్తుంది. పాల్గొన్న ప్రతి కాలేజీ దాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. హోమ్‌పేజీలో అడుగున ఎక్కడో ఎన్ఐఆర్ఎఫ్ అని చిన్న లింకు ఉంటుంది. ఆ పీడీఎఫ్ తెరువు. మొదటి పేజీలు దాటగానే నాలుగేళ్ల కోర్సుకు ఒక పట్టిక వస్తుంది: ఎంతమందికి సీట్లున్నాయి, ఎంతమంది చేరారు, వాళ్లలో నాలుగేళ్లలో బయటపడ్డవాళ్లు ఎందరు, ఉద్యోగం వచ్చినవాళ్లు ఎందరు, పై చదువులకు వెళ్లినవాళ్లు ఎందరు, ఉద్యోగం వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం ఎంత. మధ్యస్థం అంటే జీతాలన్నిటినీ వరుసగా పేర్చితే సరిగ్గా నడిమిది. గేటు ముందు ఫ్లెక్సీ మీద ఫొటో వేసిన అబ్బాయి ప్యాకేజీ కాదు, అతని పక్క బెంచీవాడి జీతం.

ఆ పట్టికను ఎలా చదవాలో చెబుతాను. ఒక కాలేజీలో 1,200 మంది చేరి, సమయానికి 900 మంది పాసై, 500 మందికి ఉద్యోగాలొచ్చాయని ఉందనుకో. కాలేజీ బ్రోచర్ ఆ అయిదొందలనే చూపిస్తుంది. నువ్వు 1,200కీ 900కీ మధ్య మాయమైన మూడొందల మందిని చూడు. వాళ్లలో కొందరు మానేసి ఉంటారు, ఎక్కువమంది బ్యాక్‌లాగులతో ఆగిపోయి ఉంటారు. ఈ తేడా ఏటా పెద్దగా ఉంటే చేర్చుకునేటప్పుడు ఉన్న శ్రద్ధ చేర్చుకున్నాక ఉండట్లేదని అర్థం.

అదే ఫైలు చివర్లో అధ్యాపకుల జాబితా ఉంటుంది. ఒక్కొక్కరి చదువు, అనుభవం ఎన్ని నెలలు, కాలేజీలో చేరిన తేదీ, అన్నీ. చేరిన తేదీల కాలమ్ మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పో. సగానికి సగం పోయిన ఏడాదీ ఈ ఏడాదీ చేరినవాళ్లే అయితే అక్కడ టీచర్లు నిలవట్లేదన్నమాట. జీతాలు సరిగ్గా ఇవ్వకపోవచ్చు, లేదంటే సీట్లు ఒక్కసారిగా పెరిగి కొత్తవాళ్లను తీసుకుని ఉండొచ్చు. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని, ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ఎత్తేసింది. అప్పట్నుంచి సీఎస్ఈ, దాని పక్కన డేటా సైన్స్, ఏఐ, సైబర్ సెక్యూరిటీ సెక్షన్లు విపరీతంగా పెరిగిపోయాయి. అందుకని మొదటి కాలేజీలో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: "ఈ బ్రాంచిలో ఎన్ని సెక్షన్లు, ఇదే బ్రాంచి రెండేళ్ల కింద ఎన్ని?" రెండు సెక్షన్లున్న చోట ఎనిమిదయ్యాయంటే ల్యాబ్ అదే, కంప్యూటర్లు అవే, నీకు వచ్చే టర్న్ మాత్రం తగ్గుతుంది.

రెండో కాలేజీకి ఈ ఫైలు విడిగా దొరక్కపోవచ్చు, యూనివర్సిటీ అంతటికీ కలిపి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు అక్కడి ప్లేస్‌మెంట్ ఆఫీసులో నోరు తెరిచి అడగడమే.

న్యాక్ గ్రేడు గురించి రెండు ముక్కలు. న్యాక్, ఎన్‌బీఏ రెండూ నాణ్యత తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే సంస్థలు. న్యాక్ కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ ఒక్కో బ్రాంచికి ఇచ్చేది. నీకు పనికొచ్చేది రెండోది. 'ఏ ప్లస్ ప్లస్' అని బస్సుల మీద రాసుకున్నంత మాత్రాన పొంగిపోనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో లంచం ఆరోపణల మీద న్యాక్ తనిఖీ బృందం వాళ్లనే సీబీఐ అరెస్టు చేసిన సంగతి పేపర్లో చూసే ఉంటావు.

ఇప్పుడు బస్సు దగ్గరికొద్దాం. మేడ్చల్ వైపు తొమ్మిదింటికి మొదటి క్లాసంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడు కాకముందే ఎక్కాలి. సికింద్రాబాద్ దాటి, సుచిత్ర దగ్గరా కొంపల్లి దగ్గరా ఆగి ఆగి పోతుంది. సాయంత్రం నాలుగింటికి కాలేజీ వదిలితే పిన్ని ఇంటికి చేరేసరికి ఆరు. పోను రాను తక్కువలో తక్కువ మూడున్నర గంటలనుకో. సెమిస్టర్‌కి 90 పని దినాలుంటాయి. లెక్కేస్తే 315 గంటలు. ఒక్క సెమిస్టర్‌లో! పైగా ఆ బస్సు నాలుగింటికే కదులుతుంది కాబట్టి, ల్యాబ్‌లో ఇంకో గంట ఉండి ప్రోగ్రాం రన్ చేద్దామన్నా, క్లబ్బు మీటింగులో కూర్చుందామన్నా, లైబ్రరీలో చదువుకుందామన్నా కుదరదు. పేరున్న కాలేజీలో నిజంగా విలువైనవి నాలుగు తర్వాతే జరుగుతాయి. కోడింగ్ పోటీలు, సీనియర్లతో ప్రాజెక్టులు, ఎవరో కంపెనీవాళ్లు వచ్చి చెప్పే మాటలు. దూరం నుంచి వచ్చే పిల్లలు వాటికి డబ్బు కట్టి, అందుకోకుండా బస్సెక్కేస్తారు. డ్రాయింగ్ షీట్ల గొట్టం ఒళ్లో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి నిద్రపోయే పిల్లల్ని ఆ బస్సుల్లో నేను రోజూ చూసేదాన్ని. స్టాఫ్ కూడా అవే బస్సుల్లో వస్తారు మరి.

ఆర్టీసీలో ఆడవాళ్లకు మహాలక్ష్మి జీరో టికెట్ ఉంది కదా, ఆ 38 వేలు మిగులుతాయి అంటావేమో. మిగులుతాయి, కానీ రెండు బస్సులు మారాలి, ఇంకో అరగంట పోతుంది. నెల రోజులు ఓపిక ఉంటుంది. తర్వాత మొదటి పీరియడ్ పోతుంది, ఆ తర్వాత హాజరు పోతుంది. జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. 65 దిగితే డిటెయిన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. అటానమస్ కాలేజీల్లోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రెన్యువల్‌కి కూడా హాజరు చూస్తారని మర్చిపోకు.

డబ్బు లెక్క నాన్నతో కలిసి కాగితం మీద వెయ్యి. బీసీ విద్యార్థికి ఎప్‌సెట్‌లో పదివేల లోపు ర్యాంకు ఉంటే తెలంగాణలో మొత్తం ఫీజు వస్తుంది. దాటితే సాధారణంగా 35 వేల దాకానే. అంటే మొదటి కాలేజీలో ఏటా 95 వేలు చేతి నుంచి కట్టాలి. బస్సు 38 వేలు కలిపితే లక్షా ముప్పై మూడు వేలు. నాలుగేళ్లకు అయిదు లక్షల ముప్పై రెండు వేలు. ఇందులో పుస్తకాలు లేవు, ల్యాప్‌టాప్ లేదు, పిన్ని ఇంట్లో నీ తిండి ఖర్చు లేదు. (పిన్ని అడగదు, కానీ నాలుగేళ్లు అన్నది చిన్న మాట కాదు. ఆ ఇంట్లో నీకు రాత్రి పదకొండు దాకా లైటు వేసుకుని చదువుకునే చోటుందా?) పైగా రీయింబర్స్‌మెంట్ డబ్బు వేళకు రాదు. ఆ బకాయిల కోసమే ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో బంద్ పాటించాయి. ప్రభుత్వం ఆలస్యం చేస్తే కొన్ని కాలేజీలు పిల్లల్ని కట్టమంటాయి, కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వం అంటాయి. గుమస్తా జీతం మీద ఆ టెన్షన్ ఎవరు మోస్తారో ఆలోచించు.

ఇదంతా చదివి నేను రెండో కాలేజీకి ప్రచారం చేస్తున్నానని అనుకోకు. దాని లోపాలు కూడా చెబుతాను. యూనివర్సిటీ కాలేజీల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి నిండవు. పాఠం చెప్పేది చాలావరకు కాంట్రాక్టు అధ్యాపకులే. వాళ్లలో గొప్పగా చెప్పేవాళ్లున్నారు, కానీ వాళ్లు సమ్మెకు దిగితే క్లాసులు ఆగిపోతాయి. ల్యాబ్‌లో సామాను పాడైతే కొత్తది రావడానికి ఫైలు కదలాలి. హైదరాబాద్‌కు దూరం కాబట్టి కంపెనీలు అక్కడిదాకా రావడం తక్కువ. వైఫై ఉందంటారు, ఏ చెట్టు కింద వస్తుందో సీనియర్లకే తెలుసు. ఇవన్నీ తట్టుకోవాలంటే నీ అంతట నువ్వు చదువుకునే అలవాటు కావాలి.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం ఒకటుంది, చదువంటేనే విసుగొచ్చిందన్నావు. కాలేజీ పేరు కంటే ముందు దాని సంగతి చూడాలి. రెండేళ్లు పొద్దున అయిదింటికి బెల్లు, స్టడీ అవర్, వీకెండ్ టెస్టు, మార్కులు గోడ మీద. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఎవరో చెప్పారు. ఇంజినీరింగ్‌లో మొదటి వారం నుంచే అడిగేవాళ్లు ఉండరు. క్లాసుకు రాకపోతే ఇంటికి మెసేజ్ వెళ్తుందేమో గానీ, నిన్ను లేపి కూర్చోబెట్టేవాళ్లు ఉండరు. ఇంటర్‌లో మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలే ఫస్ట్ సెమ్‌లో మ్యాథ్స్ పోగొట్టుకోవడం నేను ఏటా చూసేదాన్ని. తెలివి తక్కువై కాదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టడానికి అలవాటైన చేయి, తెల్లకాగితం మీద లెక్క మొదటి నుంచి చివరిదాకా రాయమంటే తడబడుతుంది. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌లో అయితే మరీ. బోర్డుకు మినీ డ్రాఫ్టర్ (గీతలు గీసే పరికరం) బిగించడమే వారం పడుతుంది. వస్తువును పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుంది అని కళ్లు మూసుకుని ఊహించాలి. ఏ బిట్ బ్యాంకులోనూ అది దొరకదు.

కాబట్టి మొదటి సెమిస్టర్‌లో నీకు కావాల్సింది తీరిక, నిద్ర, కాసేపు తిరగడానికి చోటు, నీలాంటి నలుగురు స్నేహితులు. విసుగు పోవడానికి మందు అదే. సాయంత్రం అయిదింటికి షటిల్ ఆడి, ఏడింటికి మెస్‌లో పప్పు బాగాలేదని తిట్టుకుంటూ తిని, తొమ్మిదింటికి పక్క రూమ్ అమ్మాయితో కూర్చుని అసైన్‌మెంట్ రాసుకునే రోజు నీకు దొరికితే, రెండో నెలకల్లా నువ్వే పుస్తకం తీస్తావు. బస్సులో మూడున్నర గంటలు పోయే రోజు దొరికితే ఆ విసుగు అలాగే ఉంటుంది, పైన అలసట చేరుతుంది.

ఈ మాట హాస్టల్ బాగుంటేనే సుమా. అందుకని వెళ్లి చూడాలి. వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు, ఆదివారం కాకుండా, కాలేజీ నడిచే మామూలు పని దినం చూసుకుని నాన్నను, వీలైతే బాబాయిని కూడా తీసుకెళ్లు. అడ్మిషన్ల కౌంటర్ దగ్గర ఏసీ గదిలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చేవాళ్లతో నీకు పనిలేదు. పన్నెండున్నరకు క్యాంటీన్ దగ్గర నిలబడు. సెకండియర్ పిల్లల్ని "కాలేజీ ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది ఆంటీ, బాగుంది అంకుల్" అనేస్తారు. "నిన్న ఎన్ని క్లాసులు జరిగాయి? ఎవరెవరు వచ్చారు?" అని అడుగు. నిన్నటి సంగతి అడిగితే నిజం బయటికొస్తుంది. ఆరు పీరియడ్లలో మూడు జరిగాయంటే ముగ్గురిని అడుగు, ముగ్గురూ అదే చెబితే నమ్ము.

లైబ్రరీకి వెళ్లి ఈసీఈ షెల్ఫులో ఒక పాత పుస్తకం తీసి, లోపల అతికించిన స్లిప్పు మీద తేదీలు చూడు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటర్‌లోనే ఇష్యూ చేస్తున్నారు కాబట్టి స్లిప్పు లేకపోతే పుస్తకం అంచులు చూసినా చాలు. నలిగిన పుస్తకాలున్న లైబ్రరీ మంచి గుర్తు. ల్యాబ్‌లో సీఆర్‌ఓల (సిగ్నళ్లను తెర మీద చూపే పరికరాల) మీద కప్పిన ప్లాస్టిక్ కవర్ల మీద దుమ్ము మందంగా ఉందా, అంటే చెయ్యి పడ్డట్టు లేదా, చూడు. నోటీసు బోర్డు దగ్గర కాస్త ఆగు. మిడ్ పరీక్షల తేదీలు, డిటెయిన్ అయినవాళ్ల జాబితా, క్లబ్బుల పోస్టర్లు, అన్నిటి మీదా తేదీలుంటాయి. రెండేళ్ల కిందటి ఫెస్ట్ పోస్టర్ ఇంకా వేలాడుతోందంటే ఆ తర్వాత ఏమీ జరగలేదని.

అమ్మాయిల హాస్టల్‌కు అమ్మతో వెళితే ఇంకా మంచిది, లోపలిదాకా రానిస్తారు. ఎంతమందికి ఎన్ని బాత్రూములు, ఏప్రిల్‌లో నీళ్లు ఎన్ని రోజులకోసారి ట్యాంకర్‌లో తెప్పిస్తారు, రాత్రి జ్వరమొస్తే ఎవరు ఎక్కడికి తీసుకెళ్తారు. ఇంకో ప్రశ్న, ఎవరూ అడగరు గానీ నువ్వు అడుగు: గేటు ఎన్నింటికి వేస్తారు, లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు? లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా ఉండి, అమ్మాయిల హాస్టల్ గేటు ఆరున్నరకే పడిపోతే ఆ లైబ్రరీ అబ్బాయిలదే. మన దగ్గర చాలా క్యాంపస్‌లలో ఇది మామూలు విషయంలా నడిచిపోతోంది, నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ర్యాగింగ్ గురించి కూడా అక్కడి అమ్మాయిలనే అడుగు. చేరేటప్పుడు యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ తీసుకుంటారు. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరు ఫోన్‌లో పెట్టుకో, అవసరం పడకపోతే మంచిదే.

ఇక బాబాయి ప్రశ్న: ఉద్యోగం ఎవడిస్తాడు? అడగాల్సిన ప్రశ్నే, ఆయన్ని తప్పుపట్టకు. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లకు ఇచ్చే మామూలు ప్యాకేజీ ఏళ్లుగా మూడున్నర, నాలుగు లక్షల దగ్గరే ఉంది. టాప్ లిస్టు కాలేజీలోనూ ఎక్కువమంది చేరేది ఆ ఉద్యోగాల్లోనే. టీసీఎస్ ఎన్‌క్యూటీ లాంటి పరీక్షలు ఏ కాలేజీ పిల్లలైనా రాయొచ్చు. ఈసీఈ చదివినవాళ్లు సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడానికి అడ్డం లేదు, సగం మంది అటే పోతున్నారు. ఇటు ఉండాలనుకుంటే హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్, డీఆర్‌డీవో ల్యాబ్‌లు, చిప్ డిజైన్ కంపెనీలు ఉన్నాయి. గేట్ పరీక్ష థర్డ్ ఇయర్ నుంచే రాయొచ్చు. మంచి స్కోరు వస్తే ఎన్ఐటీల్లో, ఐఐటీల్లో ఎంటెక్‌కి నెలనెలా స్టైపెండ్‌తో చేరొచ్చు, అప్పుడు నీ బీటెక్ ఏ లిస్టులో ఉందని ఎవరూ అడగరు. క్లాసులో పాఠం సరిగ్గా అర్థం కాకపోతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల వీడియోలు ఉచితంగా ఉన్నాయి, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

బాబాయి అన్నదాంట్లో నిజం ఒక్కచోట ఉంది. మొదటి కాలేజీకి వచ్చే కంపెనీల సంఖ్య ఎక్కువ, అందులో కొన్ని మంచి జీతాలిచ్చేవి కూడా. క్లాసులో పై పది శాతంలో ఉండే పిల్లలకు అది నిజంగా లాభం. నువ్వు ఆ పది శాతంలో ఉండాలంటే నాలుగు తర్వాత కూడా ఆ క్యాంపస్‌లో ఉండాలి. అంటే మళ్లీ బస్సు దగ్గరికే వచ్చాం.

నా సలహా ఇది. రెండో కాలేజీ చూసొచ్చాక క్లాసులు నడుస్తున్నాయి, హాస్టల్ బతకడానికి వీలుగా ఉంది అనిపిస్తే దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టు. అక్కడ ఆరు పీరియడ్లలో రెండే జరుగుతున్నాయని తేలితే మాత్రం వద్దు, ఫీజు తక్కువని నాలుగేళ్లు పోగొట్టుకోకు. అప్పుడు మొదటి కాలేజీని పెట్టు, కానీ పిన్ని ఇంటి నుంచి కాదు. బస్సు డబ్బులకు ఇంకొంత కలిపి కాలేజీ పక్కనే అమ్మాయిల హాస్టల్లో ఉండేలా నాన్నతో మాట్లాడు. అది తలకు మించిన ఖర్చయితే మూడో దారి వెతకాలి. ఫీజు తక్కువున్న ఇంకో అటానమస్ కాలేజీ, నడిచి వెళ్లేంత దూరంలో హాస్టల్, ఎన్‌బీఏ ఉన్న బ్రాంచి. నీ ర్యాంకుకు అలాంటివి ఉంటాయి, లిస్టు ఇరవై దగ్గర ఆపేయకపోతే కనిపిస్తాయి. బ్రాంచి గురించి ఎక్కువ బెంగపడకు. డేటా సైన్స్ మీద నీకు ప్రత్యేకంగా ఇష్టం ఉంటే ఆ మాట రాసేదానివి. ఈసీఈ సిలబస్ ఒకసారి తెరిచి చూడు, సిగ్నల్స్, సర్క్యూట్లు అంటే ఏడుపొస్తుందనిపిస్తే అదే కాలేజీలో వేరే బ్రాంచి కూడా ఆప్షన్లలో చేర్చు.

వెబ్ ఆప్షన్ల దగ్గర పిల్లలు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. "నా ర్యాంకుకు రాదేమో, ముందు పెడితే కిందవి కూడా పోతాయేమో" అని భయపడి, ఇష్టమైనదాన్ని కింద పెడతారు. అలా ఏమీ పోదు. నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు నీ జాబితాలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఖాళీ ఉన్న మొదటిదాన్ని ఇస్తారు. పైది రాకపోతే తర్వాతిది. అందుకని నీకు ఎంత ఇష్టమో ఆ వరుసలోనే పెట్టు. చేరడం ఇష్టం లేని కాలేజీని 'సరే, ఉంటే ఉందిలే' అని చివర్లో కూడా పెట్టకు, ఒక్కోసారి అదే వస్తుంది. రెండో విడతలో పాల్గొని ఇంకో సీటు వస్తే మొదటిది దానంతటదే పోతుంది, అది కూడా మనసులో పెట్టుకో.

నాన్నతో మాట్లాడేటప్పుడు బాబాయి మాట తప్పని మొదలుపెట్టకు, గొడవవుతుంది. అయిదు లక్షల ముప్పై రెండు వేల లెక్క కాగితం బాబాయి ముందు పెట్టి, "బాబాయ్, నువ్వే ఒకసారి చూడు" అని ఊరుకో. క్యాంటీన్ దగ్గర అడగాల్సిన ప్రశ్నలు కూడా ఆయన చేతే అడిగించు. పెద్దవాళ్లు తాము స్వయంగా కనుక్కున్నదాన్ని త్వరగా నమ్ముతారు.

ఆప్షన్లు ఆఖరి రోజు రాత్రి దాకా ఉంచకు, సైటు మొరాయిస్తుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో పెట్టించుకుంటే కాలేజీ కోడూ బ్రాంచి కోడూ నువ్వే కళ్లారా చూసుకో. పేర్లు ఒకేలా ఉండే కాలేజీలు మన దగ్గర బోలెడు. సేవ్ చేశాక ప్రింటు తీసుకో. పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉండాలి, సెంటర్ వాడి దగ్గర కాదు.